ఆరు గంటల సూది

“ఐదు గంటల దాకనే డాక్టర్ సాబ్. ఐదు కొట్టంగనే ఆమెను కోర్టుకు తీస్కపోత,” అన్నాడు సీఐ వీరేందర్, గోడ గడియారం వైపు వేలు చూపిస్తూ.

బుధవారం ఉదయం పది దాటి ఐదు నిమిషాలు. సిరిసిల్లలో స్టేషన్ వెనక వీధి మరమగ్గాల చప్పుడు గదిలోకి వస్తూనే ఉంది కనుక ఇద్దరూ గొంతు పెంచే మాట్లాడుతున్నారు. గొంతు పెంచడానికి వీరేందర్‌కు ఆ సాకు అక్కర్లేదు లెండి. బల్లకు అవతల గోడవారగా కుర్చీలో తిరుమల కూర్చుని ఉంది. ఏదులగుట్టలో పసిపిల్లలకు టీకాలు వేసే ఏఎన్ఎం. పధ్నాలుగేళ్ళ సర్వీసు. రెండు రోజులుగా పొద్దున పిలిపిస్తున్నారు, సాయంత్రం పంపిస్తున్నారు. ఆ రెండు రోజుల్లోనూ ఆమె నోట ఒకటే మాట, “సూదులన్నీ ఇచ్చిన” అని. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. పొద్దుగూకాక ఆడమనిషిని అరెస్టు చేయకూడదు కాబట్టి వీరేందర్ ఇవాళ ఐదుకు గడువు పెట్టాడు.

ఆ గడువు పెట్టించుకున్న మనిషి డాక్టర్ మహిపాల్. హైదరాబాద్‌లో అంటురోగాల మీద నిఘా పెట్టే విభాగంలో పెద్ద అధికారి. ఎక్కడ ఏ జబ్బు తల ఎత్తినా అది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ దారిన వచ్చింది అని ఆరా తీయడమే ఆయన ఉద్యోగం. ఒక పత్రిక ఆయన్ను ‘రోగాల డిటెక్టివ్’ అని రాసింది. ఆ కత్తిరింపు తన పర్సులో లేదని ఆయన చెప్తాడు గానీ, ఆయన భార్య నమ్మదు.

ఈసారి, మొన్న సోమవారం, ఆయన వచ్చిన పని మాత్రం నవ్వులాట కాదు. నెల రోజుల్లో తొమ్మిదిమంది పిల్లలకు డిఫ్తీరియా పట్టుకుంది. గొంతులో తెల్లటి పొర కట్టి, మెడ వాచి, ఊపిరి ఆడనివ్వని జబ్బు. సిరిసిల్ల దగ్గరి ఏదులగుట్టలో నలుగురు, కోరుట్ల దగ్గరి మోదుగుకుంటలో ముగ్గురు, జగిత్యాల దగ్గరి నల్లవాగులో ఇద్దరు. ఏదులగుట్టలో అక్షిత అనే మూడేళ్ళ పాప ఎనిమిది రోజుల కిందట చనిపోయింది. దుబాయిలో పనిచేసే ఆమె తండ్రి జీవన్ విమానం దిగి నేరుగా స్టేషన్‌కు వచ్చి కేసు పెట్టాడు.

మహిపాల్ సంచిలో రెండు పటాలున్నాయి. మొదటిది దేశానిది. ఈ జబ్బు ఏ మూల మిగిలి ఉందో ఆయన ఆ పటం చూడకుండానే చెప్పగలడు. టీకా బండి ఎక్కలేని కొండ ఊళ్ళు, ఏటా మకాం మార్చే వలస గుడిసెలు, సూదంటే తలుపు వేసుకునే పేటలు. టీకాలు తక్కువ పడ్డచోట ఎర్రచుక్కలు ఎక్కువ. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన చూసినంతవరకు ఆ వరస తప్పలేదు. రెండో పటం ఈ చుట్టుపక్కలది. ఇక్కడ వందమంది పిల్లల్లో తొంభై ఎనిమిది మందికి అన్ని డోసులూ పడ్డాయని రాసి ఉంది. అయినా తొమ్మిది చుక్కలు పడ్డాయి. ఈ కొసనుంచి ఆ కొసకు అరవై కిలోమీటర్ల పైమాటే. నడుమనున్న ఊళ్ళలో ఒక్క చుక్క కూడా లేదు.

వీరేందర్‌కు ఇందులో చిక్కేమీ కనిపించలేదు. రిజిస్టర్ ప్రకారం ప్రతి బుధవారం, శనివారం ఏదులగుట్టలో తొమ్మిది గంటలకు సూదులు మొదలవుతాయి. తిరుమల ఫోన్ ఆ తొమ్మిదింటికి సిరిసిల్లలో ఆమె ఇంటి దగ్గరే ఉన్నట్టు టవర్ చెప్తోంది. ఊళ్ళో తల్లులను అడిగితే ఆ రోజుల్లో తొమ్మిదింటికి తాము బీడీల కార్ఖానాలో ఉంటామన్నారు. ఇచ్చే మనిషి లేదు, తీసుకునే మనిషి లేదు. మందు పారబోసి, ఇంట్లో కూర్చుని రిజిస్టర్ నింపిందన్నది వీరేందర్ మాట. కోరుట్ల వైపు, జగిత్యాల వైపు నర్సుల వంతు తర్వాత వస్తుందట.

“పోయిన ఎండకాలం పక్క ఊళ్ళల్ల తట్టు తిరిగింది. ఏదులగుట్టల ఒక్క పిల్లకన్న వచ్చిందా?” అని అడిగాడు మహిపాల్.

రాలేదని వీరేందర్ ఒప్పుకున్నాడు.

“తట్టు సూదులు ఇచ్చేది గీమెనే. గవే రోజులు, గదే రిజిస్టర్. అన్ని పారబోస్తే తట్టు ఎందుకు ఇడిచిపెట్టింది?”

వీరేందర్ భుజాలు ఎగరేశాడు. అదృష్టం అన్నాడు. మహిపాల్‌కు ఒళ్ళు మండింది. తట్టు అదృష్టం చూసి ఇళ్ళు దాటుకుంటూ పోదు. తిరుమలను లోపల వేస్తే పత్రికలు ఊరుకుంటాయి, పైవాళ్ళు ఊరుకుంటారు, కేసు మూసుకుంటుంది. తప్పు ఆమెది కాకపోతే మాత్రం, ఆ అసలు తప్పు మూడు రోజుల్లో, శనివారం నాడు, మళ్ళీ ఊరూరా జరుగుతుంది. ఆయన భయం అదే. ఒక్కసారి తిరుమల వైపు చూశాడు. ఆమె కూడా ఆయన్నే చూస్తోంది, ఏదో ఎదురుచూస్తున్నట్టు. ధైర్యంగా ఉండమని చెప్పి ఆయన జీపెక్కాడు.

పదకొండుంబావుకు ఏదులగుట్టలో జీవన్ ఇంటి ముందు దిగాడు. జీవన్ గడపలో కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. అక్షిత తల్లి నీల గోడకు ఆనుకుని ఉంది. ఆమె పక్కన చాటలో కత్తిరించిన తునికాకులు ఎండి వంకర్లు పోయి ఉన్నాయి. పది రోజులుగా ఆ చాటను ఎవరూ ముట్టినట్టు లేదు. ఏడేళ్ళ పెద్దకూతురు పూజ తల్లి కొంగు పట్టుకుని వదలడం లేదు.

జీవన్ చెప్పవలసిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. రోజూ రాత్రి ఫోన్‌లో మాట్లాడేవాణ్ణనీ, సూది పడిందా అని అడిగితే పడిందనే భార్య చెప్పేదనీ, నర్సు ఈమెను మోసం చేసిందో ఈమె తనను మోసం చేసిందో తేలాలనీ అన్నాడు. బిడ్డ ముఖం ఆఖరిసారి చూడలేకపోయిన మనిషి కోపం అది. ఎవరి మీద పడాలో దానికే తెలియదు. మహిపాల్ నీల ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“నీ కండ్లతోని నువ్వు చూసిందే చెప్పు బిడ్డా,” అన్నాడు.

“తిరుమలక్క సూది ఇచ్చింది సారు. నా ఒడిలనే పండవెట్టుకొని కాళ్ళు పట్టుకున్న. జరం వచ్చింది, తొడకు గడ్డ కట్టింది. రెండు నెల్లు కరగలే. ఇయ్యకుంటే గడ్డ ఎట్ల కడ్తది?”

గడ్డ ఎంత ఉండేదని అడిగితే వేళ్ళతో చూపించింది, కుంకుడుకాయంత. ప్రతి సూదికీ కట్టిందట. పూజకు చిన్నప్పుడు అలా కట్టిందా అంటే లేదంది. సూదిమందుకు ఒకరోజు జ్వరం మామూలే, కాస్త వాపూ మామూలే. రెండు నెలలు కరగని గడ్డ ప్రతిసారీ కట్టడం మామూలు కాదు. మహిపాల్ పూజ నోరు తెరిపించి టార్చి వేసి చూశాడు. గొంతు శుభ్రంగా ఉంది. అక్షితకు జ్వరం తగిలిన మూడు రోజులూ ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు, ఒకే దుప్పటి కప్పుకున్నారు. పెద్దదానికి దగ్గు కూడా రాలేదు.

“సూది ఏ టైంల ఇస్తుండె?”

“ఆరు గొట్టంగ. ఏడింటికల్ల బీడీల కట్టలు కట్టుకొని కార్ఖానకు పోవాలె గద. బుధారం, శనారం కార్ఖానల మా ఊరి వంతు. లేటయితే లెక్కవెట్టే సట్టేదారు బీడీలు తీసుకోడు.”

మహిపాల్ తల ఎత్తాడు. ఈ సంగతి పోలీసులకు ఎందుకు చెప్పలేదని అడిగాడు. వాళ్ళు తొమ్మిదింటికి నర్సు ఊళ్ళో ఉందా అని మాత్రమే అడిగారట. లేదు గనక లేదని చెప్పిందట. జీవన్ మొదటిసారి భార్య వైపు తిరిగి చూశాడు.

పూజ పసిపిల్లగా ఉన్నప్పుడు సూదులు తొమ్మిదింటికే ఇచ్చేవారట. కార్ఖానా రోజుల వల్ల నీల రెండుసార్లు తప్పిపోయి, తర్వాత బతిమాలి వేయించుకుందట. అక్షిత కడుపున పడ్డప్పటి నుంచి ఈ ఆరు గంటల పద్ధతి వచ్చింది. అప్పటినుంచి ఊళ్ళో ఒక్క తల్లి తప్పలేదు. ఎవరో బుర్ర ఉన్నవాడే పెట్టిన ఏర్పాటు అనుకున్నాడు మహిపాల్. రిజిస్టర్‌లో తొమ్మిది అని ఎందుకుందో కూడా తెలిసిపోయింది, అది అచ్చు వేసి వచ్చిన గడి.

జీపులో కూర్చుని మోదుగుకుంట డాక్టర్‌కు, నల్లవాగు డాక్టర్‌కు ఫోన్ చేశాడు. జబ్బుపడ్డ పిల్లల్లో అందరికన్నా పెద్ద ఎవరు? తొడకు గడ్డలు కట్టాయా? సూది ఎన్ని గంటలకు? ఇద్దరూ ఇంటింటికీ కబురు పంపి కనుక్కుని గంటలోపే తిరిగి చేశారు. అందరిలోకీ పెద్దవాడి వయసు మూడేళ్ళ పది నెలలు. గడ్డలు కట్టాయి. సూదులు తెల్లవారి ఆరింటికి, ఆరుంబావుకు. రెండూ బీడీలు చేసే ఊళ్ళే.

మహిపాల్ వేళ్ళ మీద లెక్క వేసి, పటం అంచున ఒక ఏడాది రాసుకున్నాడు. నాలుగేళ్ళ కిందట ఏదో మారింది. అంతకుముందు పుట్టినవాళ్ళకు మందు పనిచేసింది, తర్వాత పుట్టినవాళ్ళకు చేయలేదు. సూది అదే, చెయ్యి అదే. మారింది వేళ ఒక్కటే. వేళ మారితే మందు ఎందుకు చెడుతుంది?

ఒకటిన్నరకు ఏదులగుట్ట ఆరోగ్య కేంద్రంలో టీకాలు దాచే గది తాళం తీయించాడు. తీసింది రాజేశం. యాభై దాటిన మనిషి, టీకా డబ్బాను బండి మీద ఊళ్ళకు చేరవేస్తాడు. పదకొండేళ్ళుగా ఒక్కరోజు ఆలస్యం చేయలేదని తలుపు తీస్తూనే చెప్పుకున్నాడు. డాక్టర్ సాక్ష్యాలు తారుమారు చేస్తాడేమోనని కాబోలు, వీరేందర్ కూడా వెనకే జీపు దిగాడు.

గదిలో ఒక ఫ్రిజ్, దాని పక్కన ఐసు తయారుచేసే ఫ్రీజర్, ఒక బల్ల ఉన్నాయి. ఫ్రిజ్ మీద తగిలించిన కాగితంలో పొద్దున, సాయంత్రం చూసిన చల్లదనం రాసి ఉంది. రెండు డిగ్రీలకు తగ్గలేదు, ఎనిమిది దాటలేదు. లోపలి థర్మామీటర్ నాలుగు చూపిస్తోంది. మహిపాల్ ఒక సీసా తీశాడు. దాని లేబుల్ మీద వంకాయరంగు గుండ్రం, దాని నడుమ చిన్న చదరం ఉన్నాయి. మందు వేడి తగిలి చెడితే ఆ చదరం నల్లబడుతుంది. అది తెల్లగా ఉంది. తిరుమల బదులు వచ్చిన నర్సుతో పొద్దున ఊరికి పోయి తిరిగొచ్చిన సీసాల మీదా తెల్లగానే ఉంది.

“ఫ్రిజ్ మంచిదే, మందు మంచిదే. ఇగ మిగిలింది నర్సమ్మనే,” అన్నాడు వీరేందర్. గొంతులో గెలిచిన సంతోషం దాచుకోలేదు.

“ఎండ తగిలితే చెప్పే గుర్తు అది. సలి తగిలితే చెప్పే గుర్తు ఈ సీసా మీద లేదు వీరేందర్ గారు.”

మహిపాల్ రాజేశం వైపు తిరిగి, ఇవాళ పొద్దున ఏం చేశావో అది మళ్ళీ చేసి చూపించమన్నాడు. ఒక్క పని ఎక్కువ చేయొద్దు, ఒక్కటి తక్కువ చేయొద్దు. రాజేశానికి ఇది పరీక్షలా తోచి ఉత్సాహం వచ్చింది. ఫ్రీజర్ తలుపు తీసి నీళ్ళు గడ్డకట్టిన నాలుగు ప్లాస్టిక్ పలకలు తీశాడు. వాటిని నీలంరంగు డబ్బాలో నాలుగు గోడలకూ నిలబెట్టాడు. ఫ్రిజ్‌లోంచి సీసాలు తీసి, సంచిలో కట్టి నడుమ పెట్టాడు. మూత వేసి, బెల్టు బిగించి, డబ్బాను భుజాన తగిలించుకుని నిలబడ్డాడు. ఫ్రీజర్ తలుపు తీసింది ఒకటీ నలభై రెండుకు. మూత పడింది ఒకటీ నలభై ఆరుకు.

మహిపాల్ మూత తీయించి ఒక ఐసు పలకను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. వీరేందర్ చెవి దగ్గర ఊపాడు. రాయిలా ఉంది.

ఈ పలకల్ని ఫ్రీజర్‌లోంచి తీసీ తీయగానే డబ్బాలో పెట్టకూడదు. బల్ల మీద ఆరబెట్టాలి, అంచులు కరిగి లోపల నీళ్ళ చప్పుడు వినిపించేదాకా ఆగాలి. ఎండాకాలం అరగంట, ఇలాంటి జనవరి చలిలో గంట కూడా పడుతుంది. అంతవరకు ఆగకపోతే ఆ ఐసు పక్కనున్న మందును కూడా గడ్డకట్టిస్తుంది. ఇది టీకా పనిలో మొదటి పాఠం. రాజేశానికి తెలియదా?

తెలుసు. తెలిసిన సంగతి చెప్పడానికి అతను సిగ్గు కూడా పడలేదు.

“ముందటైతే ఎనిమిదింటికి తీసి బల్ల మీద పెడ్తుంటి సార్. నీళ్ళు గలగల అన్నంకనే డబ్బల పెడ్తుంటి. ఇప్పుడు ఐదుంబావుకు బండి తీయాలె. లేటయితే తల్లులు కార్ఖానకు పోతరు, పిల్లలకు సూది తప్పుతది. అయినా పిల్లల మందాయె, ఎంత సల్లగుంటే అంత మంచిదనుకున్న.”

మహిపాల్ పొద్దున ఊరికి పోయి తిరిగొచ్చిన డిఫ్తీరియా మందు సీసా ఒకటి, గది దాటని సీసా ఒకటి తీసుకున్నాడు. రెండింటినీ ఒకేలా ఊపాడు. రెండూ పలచటి మజ్జిగలా తెల్లబడ్డాయి. పక్కపక్కన బల్ల మీద నిలబెట్టి, ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. అప్పుడు టైం ఒకటీ యాభై ఐదు. వీరేందర్ ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు గానీ రెండు నిమిషాలకోసారి బల్ల వైపే చూశాడు.

రెండు గంటల పది నిమిషాలకల్లా గది దాటని సీసా ఇంకా తెల్లగానే ఉంది. ఊరికి పోయొచ్చిన సీసాలో పైన నీళ్ళు తేటగా నిలిచాయి, అడుగున సున్నంలా తెల్లటి మడ్డి చేరింది. మహిపాల్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూపించాడు.

“గడ్డకట్టి కరిగిన మందు గిట్లనే ఇరుగుతది. సూది గుచ్చుకుంటది, జరం వస్తది, గడ్డ కడ్తది. గుణం మాత్రం ఉండది. తట్టు మందు పొడి, గడ్డకట్టినా దానికేం కాదు. అందుకే తట్టు రాలే, ఇది వచ్చింది. తిరుమల ఒక్క సూది కూడ ఎగ్గొట్టలే.”

వీరేందర్ ఫోన్ జేబులో పెట్టి సీసా దగ్గరికి వంగాడు. రాజేశం మాత్రం డబ్బా దింపి నేల మీద కూలబడ్డాడు. అతని ముఖం చూడలేకపోయాడు మహిపాల్.

“జీవన్ బిడ్డ... నా డబ్బనేనా సార్?” అన్నాడు రాజేశం.

పాపం, పదకొండేళ్ళు ఒక్క నిమిషం ఆలస్యం చేయని మనిషి. మహిపాల్ భుజం మీద చెయ్యి వేసి లేపాడు.

“నిన్ను ఆరింటికి ఉరికిచ్చినోడు ఈ గంట సంగతి కూడ ఆలోచించాలె గద. ఆలోచించనోనిదే తప్పు, నీది కాదు,” అన్నాడు గట్టిగా, వీరేందర్‌కు వినపడేట్టు.

వీరేందర్ వినకపోలేదు. అతనికి నోటి దురుసు ఉంది గానీ బుర్ర లేకపోలేదు. జీపు ఎక్కబోతూ ఆగి, ఒకే ప్రశ్న వేశాడు. సూదులన్నీ ఇచ్చిన మనిషి, ఆరింటికి ఇచ్చిన మనిషి, ఆ ఒక్క మాట చెప్పి బయటపడొచ్చు కదా, రెండు రోజులుగా నోరెందుకు తెరవడం లేదు? ఎవరినో కాపాడుతోంది అన్నాడు. మహిపాల్‌కూ అదే అనిపించింది. ఎవరో పై అధికారి అయి ఉంటాడు. కాగితం లేకుండా నోటి మాటతో పని చేయించుకుని, ఇప్పుడు తప్పుకున్నాడు. అలాంటివాణ్ణి వదలకూడదు. దారి పొడుగునా ఆయనకు ఆ మనిషి మీద పళ్ళు నూరుకోవడమే సరిపోయింది.

మూడూ యాభైకి స్టేషన్‌లో మళ్ళీ ముగ్గురూ కూర్చున్నారు. వీరేందర్ తెల్లకాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత తీశాడు. మందు చెడిందని ఒప్పుకుంటానన్నాడు. పిల్ల చచ్చిపోయింది కనుక, వేళ మార్చింది ఎవరో తనకు కావాలన్నాడు. ఎవరూ చెప్పకపోతే ఈమె తన ఇష్టానికి మార్చి, రిజిస్టర్‌లో తప్పు రాసినట్టే లెక్క. ఐదింటి మాట అలాగే ఉంది.

మహిపాల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“తిరుమలా, మందు సంగతి తేలింది. నీ తప్పు లేదు. ఆరింటికి సూది పెట్టమన్నది ఎవరు? ఎంత పెద్దోడైనా సరే, భయపడకుంట పేరు చెప్పు.”

తిరుమల ఆయన ముఖంలోకి చూసింది.

“మీరే సార్,” అంది.

మహిపాల్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నాలుగేళ్ళ కిందటి వానాకాలం, కరోనా తగ్గాక, పిల్లలకు తప్పిపోయిన టీకాలు పూర్తి చేయించడానికి మీరే తిరిగారు కదా అని గుర్తుచేసింది. ఏదులగుట్ట బీడీల కార్ఖానా ముందు జీపు ఆపారు. తొమ్మిదింటికి రాలేమని తల్లులు మొరపెట్టుకున్నారు. అప్పుడు ఆయన జీపు మెట్టు మీద నిలబడి అన్నమాటను ఆమె ఒక్క అక్షరం పోకుండా చెప్పింది.

“‘సూదికి తొమ్మిదే కొట్టాల్నా? తల్లులు ఇంట్ల ఉన్నప్పుడే పోండ్రి, తెల్లారంగ ఆరింటికి పోండ్రి’ అన్నరు. అందరు చప్పట్లు కొట్టిన్రు. కాయిదం పంపుతరా సార్ అని నేనే అడిగిన. పని చేసెతందుకు కాయిదమెందుకమ్మా అన్నరు.”

చప్పట్లు ఆయనకు గుర్తున్నాయి. అడిగిన నర్సు ముఖం గుర్తులేదు. ఐసు పలకల మాట అప్పుడు బుర్రలోకే రాలేదు. పాఠాలు చెప్పే మనిషే, ఆ పూట ఆ పాఠం మరిచిపోయాడు. ఆ ఏడాది బీడీ ఊళ్ళలో టీకాలు పెరిగినందుకు హైదరాబాద్‌లో శాలువా కప్పారు. అది కూడా గుర్తుంది. నీల ఒళ్ళో పడుకోబెట్టుకుని కాళ్ళు పట్టుకున్న పిల్ల ఆ తర్వాతే పుట్టింది.

“మరి రెండు రోజుల సంది చెప్పకపోతివి?” అని అడిగాడు వీరేందర్. ఆ మాట అతను నెమ్మదిగానే అన్నాడు.

“సారు మొన్న నా ముంగటనే కూసున్నరు. నిన్ను ఇడిపిస్త అన్నరు. యాదికొచ్చినంక సారే చెప్తరనుకున్న.”

మహిపాల్ సంచిలోంచి పటం తీసి బల్ల మీద పరిచాడు. నల్లవాగు మీద వేలు పెట్టి మోదుగుకుంటకు, అక్కణ్ణుంచి ఏదులగుట్టకు జరిపాడు. జగిత్యాలలో మొదలై, కోరుట్ల మీదుగా, సిరిసిల్లకు. రెండు రోజులుగా ఈ చుక్కలను కలిపే గీత ఏదని తల బద్దలు కొట్టుకున్నాడు. ఆ వానాకాలం ఆయన జీపు పోయిన దారి అది. బీడీల కార్ఖానా కనిపించిన ప్రతిచోటా ఆగాడు. మొదటి ఊళ్ళో ఆ మాటకు చప్పట్లు పడ్డాయి కనుక తర్వాత ప్రతి ఊళ్ళోనూ అదే మాట అన్నాడు. చుక్కలు మూడు ఊళ్ళలోనే ఉన్నాయి. ఆయన ఆగిన ఊళ్ళు ఇరవై ఆరు.

“పేరు?” అన్నాడు వీరేందర్. పెన్ను కాగితం మీద ఆనించాడు గానీ ఆయన వైపు చూడలేదు.

మహిపాల్ తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. కోరుట్ల దగ్గర తన సొంతూరి పేరు చెప్పాడు. ఇంత పెద్ద అధికారి పేరు కేసులోకి ఎక్కుతోందని వీరేందర్ పెన్ను ఊరి పేరు దగ్గర ఆగింది. రాసుకోండి అని మహిపాల్ మళ్ళీ చెప్పాక రాశాడు. నాలుగూ నలభైకి తిరుమలను ఇంటికి పొమ్మన్నారు. ఆమె సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

శనివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఒక్క డబ్బా కూడా కదలకూడదు. నాలుగేళ్ళలోపు ప్రతి పిల్ల గొంతులోకీ ఇవాళ్టి నుంచే టార్చి వేసి చూడాలి, అందరికీ సూదులు మళ్ళీ మొదటినుంచి పడాలి. వీరేందర్ ఇంకో కాగితం తీసి ఆయన ముందుకు జరిపాడు. రెండు జిల్లాల్లో ఏ స్టేషన్‌తో మాట్లాడాలో చెప్పండి, బండ్లు నేను పంపిస్తా అన్నాడు. మహిపాల్ గుర్తున్న వరసలో ఊళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టాడు. ఏడో పేరు రాసేసరికి ఫోన్ మోగింది. నల్లవాగు డాక్టర్. రెండున్నరేళ్ళ బాబును ఇప్పుడే తెచ్చారట, మెడ వాచింది, గొంతులో తెల్లపొర ఉంది. ఆ బాబుది నల్లవాగు కాదట, ఇదివరకు చుక్క లేని ఊరట.

“ఏ ఊరు?” అన్నాడు మహిపాల్.

“గుండ్లమడుగు సార్,” అంది అవతలి గొంతు.

కాగితం మీద ఏడో పేరు అదే. అక్కడ చప్పట్లు అన్నిటికన్నా ఎక్కువసేపు మోగాయని కూడా ఆయనకు గుర్తొచ్చింది. మహిపాల్ ఆ పేరు కింద గీత గీసి, ఎనిమిదో ఊరి పేరు రాశాడు.